లొంగని బీపీ

“నూట ఎనభై, నూట పది!”

డాక్టర్ హారిక రోశయ్య జబ్బకు చుట్టిన పట్టీని సర్రున ఊడదీసింది. పాపం, పట్టీ చేసిన తప్పేమీ లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక దాని మీద చూపించింది, అంతే. ఆర్నెల్లుగా ఇదే వరస. ఒక మాత్ర ఇచ్చింది, లొంగలేదు. మోతాదు పెంచింది, లొంగలేదు. రెండో మాత్ర కలిపింది. అయినా ఆ బీపీ దిగిరానంటే దిగిరానని భీష్మించుకు కూర్చుంది.

“ఇంకో మిషనుతో చూద్దామా మేడం?” అంది నర్సు నజ్మీన్.

రోశయ్యను ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టి, మిషను మార్చి, రెండో చేతికి చూశారు. నూట డెబ్భై ఎనిమిది. ఆ తగ్గిన రెండూ మర్యాద కోసం తగ్గినట్టున్నాయి.

“నిజం చెప్పండి రోశయ్యగారూ. పచ్చడి తింటున్నారా?”

“జాడీ మొహం చూసి ఆర్నెల్లయిందమ్మా! మూడెకరాల మిరప పండించేవాణ్ణి చప్పిడి కూర తింటన్నానని వీధంతా నవ్వతన్నారు.”

“ఉప్పు డబ్బా నేనే దాచేశానమ్మా,” అంది పక్కనే నిలబడ్డ ఆయన భార్య పేరమ్మ.

“చుట్ట?”

“మానేశా.”

“మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?”

రోశయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. చేతిసంచిలోంచి ఖాళీ మాత్రల షీట్లు తీసి బల్ల మీద వరసగా పరిచాడు. “లెక్క చూసుకోండి. ఒక్క రోజు మాత్ర తప్పితే ఒట్టు.”

నజ్మీన్ లెక్కపెట్టింది. నెలకు సరిపడా గుంటలన్నీ ఖాళీ. షీట్ల మీద పేర్లు చూస్తే హారిక రాసిచ్చిన మందులవే.

“బయటి మందులు ఏమైనా వాడుతున్నారా? ఒళ్లునొప్పులకి షాపులో కొన్న బిళ్ళలు, ఆకు పసర్లు?”

“మీ ఆసుపత్రిలో ఇచ్చిన మందు తప్ప ఇంకోటి నోట్లో పెట్టలేదమ్మా. పిల్లల మీద ప్రమాణం.”

హారికకు ఏడుపొక్కటే తక్కువ. ఈయన అబద్ధమాడినా బాగుండేది, నాలుగు తిట్టి పంపేది. మందు పనిచేయకపోతే ముందు రోగి మింగుతున్నాడో లేదో చూడు, ఉప్పు చూడు, నొప్పి బిళ్ళలు చూడు, నువ్వు కొలిచే తీరు చూడు అని పుస్తకాల్లో ఉంది. అన్నీ చూసింది. ఇక పుస్తకంలో మిగిలింది పెద్దాసుపత్రి ఒక్కటే.

“ఇవాళే గుంటూరు వెళ్ళండి. కిడ్నీలకి స్కాన్ తీయించాలి, గుండె చూపించాలి. చీటీ రాస్తా.”

“ఇయ్యాలా! కల్లంలో కాయలు ఆరబోసున్నయ్యమ్మా. పైన మబ్బు చూశారా? పట్టాలు కప్పే దిక్కు లేకపోతే ఏడాది కష్టం బూజు పట్టుద్ది.”

“కాలూ చెయ్యీ పడిపోతే ఆ పట్టాలు ఎవరు కప్పుతారు?”

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. పేరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. రోశయ్య తల దించుకుని తన అరిచేతుల వంక చూసుకున్నాడు. హారికకు తన మీద తనకే అసహ్యం వేసింది. అన్నేళ్లు చదివిన చదువు. చెప్పిన మాటల్లా వినే మనిషి. అలాంటి మనిషి బీపీని పది పాయింట్లు దించలేకపోతోంది. రేపు ఆయనకి పక్షవాతం వస్తే ఆ మంచం దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

“రెండ్రోజులు గడువియ్యండమ్మా. కాయ ఎత్తంగానే పోతాం,” అన్నాడు రోశయ్య మెల్లగా.

“ఎల్లుండికల్లా గుంటూరులో ఉండాలి. ఈలోగా మూడో మాత్ర కూడా కలుపుతున్నా. మానొద్దు.”

“మాత్ర మానే ప్రసక్తే లేదమ్మా. మీ మాట మాకు వేదం.”

నజ్మీన్ కొత్త షీట్లు ఇచ్చింది. మొగుడూ పెళ్ళాం దణ్ణం పెట్టి బయటికి నడిచారు. హారిక గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగి, తరువాతి చీటీ తీసింది. బుల్లయ్య. ఇదీ ఇంకో తలనొప్పే. ఎన్ని మాత్రలిచ్చినా ఈయన షుగరు దిగదు.

“బుల్లయ్యగారూ!”

ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచింది. చిరాగ్గా లేచి వరండాలోకి వచ్చింది.

బెంచీ మీద రోశయ్య, బుల్లయ్య తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. రోశయ్య తనకు నజ్మీన్ అప్పుడే ఇచ్చిన బీపీ మాత్రలు బుల్లయ్య చేతిలో పెడుతున్నాడు. బుల్లయ్య తన షుగరు మాత్రలు రోశయ్య సంచిలో వేస్తున్నాడు. వాళ్ళ వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తమ షీట్లు తీసి పట్టుకుని, వంతు కోసం చూస్తున్నారు.

“ఏం చేస్తున్నారు మీరు?” హారిక గొంతు కీచుమంది.

“గాబరా పడమాకండి డాక్టరమ్మా,” అన్నాడు రోశయ్య. “లెక్కెక్కడికీ పోదు. నెల కాంగానే ఖాళీ షీట్లు ఎవరియ్యి వాళ్ళకి ఇచ్చేసుకుంటాం. మీకు చూపించాల గదా.”

“అసలు ఒకరివి ఒకరు మార్చుకోవడం ఎందుకయ్యా?”

రోశయ్య నివ్వెరపోయి చూశాడు.

“అట్టా అడుగుతారేందమ్మా! ఒకే మందు పదే పదే కొడితే మిరపకు పట్టిన పురుగు దానికి అలవాటు పడి మొండికేసుద్ది, ఒంట్లో రోగం గూడా అంతేనని, వానాకాలంలో జలుబులకి యాంటీబయాటిక్ బిళ్ళలు మింగమాకండని పెట్టిన మీటింగులో మీరే గదా చెప్పింది!”