ఏడో మిషన్ జబ్బు

ఆ పొద్దున ఆకాశం కనబడలేదు. కొండ మీది మబ్బు జారుకుంటూ వచ్చి ఫ్యాక్టరీ కిటికీల దగ్గర ఆగింది. ఆ తెల్లదనంలోంచి చిన్న కారొకటి బయటపడి గేటు ముందు నిలబడగానే ఎగోన్ రాప్ చేతిలోని ఇనుప దిమ్మె కింద పెట్టేసి గేటు దగ్గరికొచ్చాడు. అక్కడికి కార్లు రావడం మానేసి చాన్నాళ్ళయింది.

దిగింది నడివయసు ఆడమనిషి. చంకలో పలకలాంటి కంప్యూటరు.

"రాప్ గారేనా? నా పేరు ఉల్రికె డీట్స్. కార్ల్స్‌రూహెలో కూచుని మీ మిషన్లని కనిపెట్టుకుని ఉండేది నేనే."

"కార్ల్స్‌రూహె అంటే, బాడెన్ నుంచా!" అన్నాడు ఎగోన్, భయం బయటపడకుండా, పక్క సీమవాళ్ళని ఎప్పుడూ దెప్పే ధోరణిలో. "మా ష్వాబెన్ మిషన్లకి నాడి చూడ్డానికి బాడెన్ వాళ్ళే దొరికారా?"

"నాడి రోజూ చూస్తూనే ఉన్నా. ఒళ్ళు కూడా చూద్దామని వచ్చా. మీ ఏడో మిషన్ బాగాలేదు."

ఎగోన్ గేటు తెరిచి ఆమెని లోపలికి తీసుకెళ్ళాడు.

లోపల మిషన్లు వాటి మానాన అవి పళ్ళచక్రాలు కోస్తున్నాయి. ఒక్కోదాని ఒంటికి గోలీకాయంత సెన్సర్లు అంటించి ఉన్నాయి. వేడెక్కినా, అదిరినా, నూనె తగ్గినా ఆ కబురు అప్పటికప్పుడే కార్ల్స్‌రూహె చేరుతుంది. ఇనుప దిమ్మె అందించడానికి మనిషి చెయ్యి కావలసింది పాతదైన ఆ ఏడోదానికొక్కదానికే. దాన్ని తీసేస్తే ఎగోన్‌తోనూ పని లేదు. అతని తర్వాత షెడ్డులో మనిషే ఉండడు. దాని మీద రోజూ కారణం తెలియని కుదుపు కనిపిస్తోందనీ, ఇంకా కనిపిస్తే తీసేస్తామనీ పోయిన వారం తాఖీదు కూడా వచ్చింది.

"ఎప్పట్నుంచి బాగాలేదు?"

"పోయిన సోమవారం నుంచి."

"సోమవారం నుంచా? అంతకుముందు నుంచి కాదూ?"

"అంతకుముందు బాగానే ఉంది."

ఎగోన్‌కి పాలుపోలేదు. తాఖీదు వచ్చింది ఆ సోమవారం పొద్దునే. ఆ రోజు నుంచే అతనొక అలవాటు మానుకున్నాడు. మానుకున్నాక జబ్బు రావడమేమిటి?

ఇద్దరూ మిషన్ ఆపి మూత విప్పారు. బేరింగులు తిప్పి చూశారు. ఎగోన్ నూనె వేలికి రాసుకుని వాసన చూశాడు. బోల్టులన్నీ ఇంకో చుట్టు బిగించి, మిషన్ మళ్ళీ నడిపించాడు. ఆమె మాత్రం మిషన్ని తక్కువా, ఎగోన్‌ని ఎక్కువా చూస్తోంది.

"చేతుల్లో నొప్పులేమైనా ఉన్నాయా మీకు?"

"జబ్బు మిషన్‌కా, నాకా?"

"ఊరికే అడిగా. నిద్ర పడుతోందా?"

"మీ బాడెన్‌లో మెకానిక్కులు ఇట్లాగే అడుగుతారా? ఇంక నాలిక చాపమనండి!"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మళ్ళీ మిషన్ కేసి వంగింది.

ఊళ్ళో చర్చి గంట పన్నెండు కొట్టింది. అందించిన దిమ్మె అయిపోయి ఏడో మిషన్ గుర్రుమని ఆగింది. ఎగోన్ రెండు చేతులూ గబుక్కున జేబుల్లో పెట్టేసుకున్నాడు. ఇక దాచి లాభం లేదనిపించింది.

"డీట్స్ గారూ, ఒప్పేసుకుంటున్నా. ఆ కుదుపు నాదే."

ఆమె తలెత్తింది.

"తిండి వేళకి అందరం బల్ల మీద వేలి కణుపులతో టకటకా కొట్టి 'మాల్‌ట్సైట్', తిందాం పదండి, అనుకునేవాళ్ళం. మీ వైపూ ఉందిగా. ఇప్పుడా బల్ల దగ్గర ఎవడున్నాడు? కుర్చీలకి చెప్పనా? అందుకని తిండికి పోతూ పోతూ దీని డొక్క మీద కొట్టి చెప్పేవాణ్ణి. తప్పే. తాఖీదు చూసినకాణ్ణుంచీ మాత్రం పన్నెండయితే చేతులు జేబులోంచి తియ్యట్లేదు. ఒట్టు. దీన్ని తీసెయ్యకండి."

ఆమె కంప్యూటరు ఆర్పేసింది.

"తియ్యం. దానికి ఏ జబ్బూ లేదు. తాఖీదు నేను పంపలేదు రాప్ గారూ, మా కంప్యూటరు దానంతటదే పంపింది. నేను చూసేసరికే మీకు చేరిపోయింది."

ఎగోన్ గట్టిగా ఊపిరి వదిలాడు. వెంటనే కోపం కూడా వచ్చింది.

"మరి పొద్దున్నించీ నా ప్రాణం తోడేశారే! రండి, ముందు తిందాం."

పొడుగాటి బల్లకి ఆ చివర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎగోన్ గిన్నె మూత తీశాడు. ఉడికించిన పప్పు, పిండి సేమ్యాలు, మీద ఒక సాసేజి. సాసేజిని చాకుతో రెండు ముక్కలు చేశాడు.

"మీరు తెచ్చుకోలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"జబ్బే లేకపోతే సోమవారం నుంచి బాగాలేదన్నారెందుకు?"

ఆమె సాసేజి వైపే చూస్తూ చెప్పింది.

"మా గదిలోనూ తెరలున్నాయి, నేనున్నాను, అంతే. మధ్యాహ్నం మీ ఏడో మిషన్ తెర మీద టకటకా రెండు గీతలు లేచేవి. అప్పుడు నేనూ తిండి డబ్బా తెరుచుకునేదాన్ని. సోమవారం నుంచి లేవట్లేదు. ఫోన్ చేసి ఏమని అడగను? మనిషి ఉన్నాడో లేడో చూసి పోదామని వచ్చా."

ఉన్నది ఒక్కటే చెంచా. ఎగోన్ దాన్ని ఆమె వైపు జరిపి, తను రొట్టె ముక్కతో తినసాగాడు.