వైరస్ ముక్క

"దిగుండ్రక్కా. ఆ డబ్బా నా బండ్ల వద్దు."

బుద్వేల్ దగ్గర వీరేందర్ క్యాబ్‌ను రోడ్డు పక్కకు ఆపేశాడు. శంషాబాద్ విమానాశ్రయంలో అందుకున్న థర్మోకోల్ పెట్టె శిరీష ఒళ్లో ఉంది. అందులో ఏముందని అతను అడిగితే ఉన్నమాటే చెప్పింది: వైరస్ ప్రోటీన్‌లోంచి తీసిన మందు.

"వైరస్ కాదు తమ్ముడూ. దాని ప్రోటీన్ల చిన్న ముక్క. పెప్టైడ్ అంటరు. అది గూడ ల్యాబుల చేసిన నకలే. దానికి పానం లేదు, ఎవ్వరికీ అంటుకోదు. బ్యాక్టీరియాకు చిల్లు పెట్టి చంపుతది, అంతే."

"కరోనప్పుడు గూడ ఏం గాదనే అన్నరు. మా బాపు దవాఖానకు నడుచుకుంట పోయిండు. మూటగట్టి ఇచ్చిన్రు."



"అత్తాపూర్ దవాఖానల మా అమ్మ ఉన్నది" అంది శిరీష. "రక్తంల బ్యాక్టీరియా. ఏ మందుకూ లొంగుతలేదు. ఇగ ఈ ఒక్క సీసానే మిగిలింది."

వీరేందర్ దిగి డిక్కీ తెరిచాడు. "సరే. డిక్కీల పెట్టుండ్రి. నేనైతే ముట్ట."

ఆమె పెట్టెను డిక్కీలో పెడుతుండగానే ఫోన్ మోగింది. డాక్టర్. లారీల హోరులో ఏమీ వినపడక దూరంగా ఒక గోడ చాటుకు పరుగెత్తింది.

"అమ్మగారి బీపీ పడిపోతోంది. లైన్లో ఉండండి" అన్నాడాయన. చాలాసేపటికి మళ్లీ వచ్చాడు. "త్వరగా రండి. మందు జాగ్రత్త. వేడి తగిలితే అది ఒట్టి నీళ్లే."

"ఐస్‌లోనే ఉంది సార్."

తిరిగి వచ్చేసరికి వీరేందర్ శానిటైజర్‌తో చేతులు రుద్దుకుంటున్నాడు. టైరు పక్కన నేల తడిగా ఉంది.

"ఎక్కుండ్రక్కా. అమ్మకేం గాదు."

హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా నడిపాడు. ఆసుపత్రి గేటు ముందు ఆమె కంటే ముందే దిగాడు. ముట్టనన్న పెట్టెను తనే రెండు చేతులతో తీసి ఇచ్చాడు.

పెట్టె తేలిగ్గా ఉంది.

"పరేషాన్ గాకుండ్రక్కా" అన్నాడు మెల్లగా. "సల్లగుంటెనే వైరస్ బతుకుతదట. మీరు ఫోన్ల ఉన్నప్పుడు ఐసంత పారబోసి, సీసాను ఎండల పెట్టిన. ఇగ అమ్మకు ధైర్యంగ ఎక్కియ్యొచ్చు."