మీరుగారు

“మీ బంతి ఇటొచ్చిందండీ. తీసుకోండి.”

తొమ్మిదేళ్ళ పిల్ల మరో తొమ్మిదేళ్ళ పిల్లతో అన్న మాట ఇది.

కింద ఆడుకుంటున్న పిల్లలంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

“మీరుగారు వేంచేశారు, దారివ్వండ్రా,” అంది రెండు జడల పిల్ల.

బంతి తీసుకోమన్న పిల్ల దాన్ని అక్కడే వదిలేసి మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసింది. కిటికీలోంచి చూస్తున్న తల్లి మనసు చివుక్కుమంది.

తండ్రి వంతెనలు కట్టే ఇంజినీరు. వంతెన పూర్తయితే ఊరు మారాలి. నాలుగేళ్ళలో ఇది మూడో ఊరు. ఏటా బడి మార్చలేక తల్లే ఇంట్లో చదువు చెబుతోంది.

చదువుకేం లోటు లేదు. పంతొమ్మిదో ఎక్కం మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అప్పజెబుతుంది. మర్యాదా ఎక్కువే. ఇంటికొచ్చేది పెద్దవాళ్ళే కాబట్టి పిల్లకు అబ్బింది పెద్దవాళ్ళ భాషే. పిల్లిపిల్లను కూడా “ఇలా రండి” అని పిలుస్తుంది.

లేనిదల్లా ఒక్క నేస్తం.

“నెలాఖరుదాకా చూద్దాం,” అన్నాడు తండ్రి. “ఇక్కడా ఎవరూ జత కుదరకపోతే హాస్టల్లో వేసేద్దాం. నలుగురిలో పెరగని పిల్ల రేపు నలుగురిలో ఎలా బతుకుతుంది?”

పిల్లను వదిలి ఉండాలన్న ఊహకే తల్లికి అన్నం సహించడం మానేసింది.

ఆ వారమే పై అంతస్తులో తాళం పడి ఉన్న ఇల్లు తెరుచుకుంది. చీర ఎగ్గట్టి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఒక ముసలామె మెట్లు ఊడుస్తూ కనిపించింది.

“ఆ చేత్తోనే మా గుమ్మం ముందు కూడా కాస్త ఊడ్చు, నీకు పుణ్యముంటుంది,” అంది తల్లి.

ముసలామె ఆమెను వింతగా చూసింది. తర్వాత ఎందుకో నవ్వింది. “అలాగేనమ్మా,” అని ఊడ్చి వెళ్ళింది.

మర్నాటి నుంచి పాఠం అవడమే తరువాయి, పిల్ల మెట్ల మీదికి పరుగెత్తడం మొదలుపెట్టింది. అక్కడ ముసలామె అయిదు గులకరాళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉండేది. రాళ్ళాటలో ఆవిడది పచ్చి దొంగాట.

“మీ వంతు అయిపోయిందండీ,” అనేది పిల్ల.

“అండీ అంటే నాకు వినపడదు,” అనేది ముసలామె, రాళ్ళు ఎగరేస్తూనే.

“మీరు తప్పాడారు.”

“ఎవరితోనే అంటున్నావు? ఇక్కడున్నది నువ్వూ నేనూ. ‘మీరు’ అనేవాళ్ళెవరూ లేరే.”

తలుపు చాటున వింటున్న తల్లికి మొదటి రోజు నవ్వొచ్చింది. నాలుగో రోజు వంట చేస్తుంటే మెట్ల మీద నుంచి అరుపులు వినిపించాయి.

“దొంగమొహమా, నా రాయి నాకిచ్చెయ్యవే. ఇవ్వకపోతే నీతో కటీఫ్.”

ఆ గొంతు తన కూతురిదే.

తల్లి చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది. పిల్లను రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

“ఏంటి నువ్వు దీనికి నేర్పేది? పెద్దా చిన్నా లేకుండా ఆ మాటలేంటి? పనికొచ్చినదానివి పని చూసుకుని వెళ్ళు. మళ్ళీ నా కూతురి ఛాయలకు కూడా రాకు.”

ముసలామె గులకరాళ్ళు ఏరి పిల్ల దోసిట్లో పోసింది.

“రానులేమ్మా. దాని నోరు ఇప్పుడిప్పుడే తిరుగుతోంది, కట్టెయ్యకు,” అని మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం పిల్ల చెప్పాపెట్టకుండా కిందికి దిగింది. తల్లి కిటికీ దగ్గర నిలబడి చూసింది.

రెండు జడల పిల్ల తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. “రండి మీరుగారూ,” అని మొదలుపెట్టింది.

“నీ కాలు గీత మీద పడిందే. నీ వంతు అయిపోయింది, జరుగు.”

పిల్లలంతా నోళ్ళు తెరిచారు.

“పడలేదే.”

“పడిందే. నేను చూశాను.”

“అయితే నువ్వు ఆడి చూపించవే.”

పిల్ల ఆడి చూపించింది.

చీకటి పడుతుండగా మోకాలు గీరుకుపోయి, జడ ఊడిపోయి ఇంటికొచ్చింది.

“దాంతో నాకు కటీఫ్ అమ్మా. రేపు పొద్దున్న మాట్లాడతాలే, మేమిద్దరం ఒకే జట్టు.”

తల్లి పిల్లను వాటేసుకుని ఏడ్చేసింది. ఇక హాస్టల్ మాట ఎవరెత్తినా ఊరుకునేది లేదు.

మరుక్షణం ముసలామె గుర్తొచ్చి సిగ్గేసింది. తిట్టిన నోటితోనే తప్పయిందని చెప్పాలి. ఉత్త చేతులతో వెళ్ళడం బాగోదని, తను అంతగా కట్టని చీర ఒకటి మడతపెట్టి పట్టుకుని పైకి వెళ్ళింది.

తలుపుకి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ అద్దె బోర్డు తగిలిస్తున్నాడు.

“ఇక్కడ పనికొచ్చిన ముసలామె ఏదీ?”

వాచ్‌మన్ ఆమె చేతిలో చీర వైపు చూశాడు.

“పనికా? ఎంతమాటమ్మా. ఆవిడ పెద్ద కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన మేడమ్. ఈ ఇంట్లో ఉంటూ ఆమధ్య చనిపోయింది వాళ్ళ అక్కగారు. ఆవిడ సామాన్లు సర్దడానికి వచ్చారు. నెలంతా ఉంటానన్నారు, ఎందుకో మరి ఇవాళ మధ్యాహ్నమే వెళ్ళిపోయారు.”

తల్లి చేతిలో చీరను వెనక్కి దాచుకుంది.

“నేను ఆవిడ్ని పట్టుకుని నువ్వు, నువ్వు అన్నానే.”

“ఆ సంగతి నాకూ చెప్పారమ్మా,” అన్నాడు వాచ్‌మన్. “‘అక్క పోయాక నన్ను నువ్వు అనే మనిషే ఈ లోకంలో లేదనుకున్నా, కింది ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరు దొరికారోయ్’ అని తెగ మురిసిపోయారు.”