బండ వెనక పెట్ట

"కదలకు," అన్నాడు ఓర్వల్, పెదవులు కూడా కదపకుండా. "పుంజు కళ్ళు నీ కళ్ళలాంటివి కావమ్మాయ్."

ట్రెస్సా కదల్లేదు. చూపు మాత్రం తన ఎడమచేతి వేలి మీదికే పోతోంది. పెళ్ళయి మూడు వారాలే. ఉంగరం కంటపడితే చాలు, ఆమెకు నవ్వొచ్చేస్తుంది. ఇవాళ దాని చుట్టూ నల్ల టేపు ఉంది. పొద్దున్నే బయల్దేరుతుంటే అత్తగారు నెడ్రా వంటింటి సొరుగులోంచి సగం వాడేసిన టేపు చుట్ట తీసిచ్చింది. "చుట్టుకో. తళుక్కుమంటే పుంజు రాదు," అంది, అంతే. కలప మిల్లుకు పోవాల్సిన మొగుడు క్లేట్ ఆ టేపు చుట్టడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. అందులో తొమ్మిది నిమిషాలు వేలికి ముద్దులే.

అమెరికాలోని ఓజార్క్ కొండల్లో టర్కీ కోళ్ళ వేటకు ఆ వసంతంలో అది ఆఖరి రోజు. ఒంటిగంటకల్లా తుపాకులు దించెయ్యాలి. ఆలోగా పెట్టలా కూసి ఒక్క పుంజునైనా పిలిచి కొడితే వచ్చే వసంతం నుంచి ఈ ఓక్ చెట్టు కింద ట్రెస్సాకూ ఒక చోటు. లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. పందెం మామగారు ఓర్వల్‌దే. "ఆడవాళ్ళకు నోరు ఆగదు, కాలు నిలవదు," అన్నదీ ఆయనే.

ఓర్వల్ చెక్క డబ్బా మీద మూతను రాపాడించాడు. క్యోవ్, క్యోవ్, క్యోవ్. అచ్చం పెట్ట పిలిచినట్టే ఉంది. వాగు అవతలి నుంచి పుంజు గొబగొబమంటూ జవాబిచ్చింది. ట్రెస్సా ఒళ్ళు పులకరించింది.

అంతలో కుడిపక్క, బూడిదరంగు బండకు ఆవలగా, ఇంకో పెట్ట పిలిచింది. పుంజు గొంతు అటు మళ్ళింది.

"అదిగో, ఆ ముసలిది," అన్నాడు ఓర్వల్. "ఇరవై ఏడు వసంతాలుగా నా పుంజుల్ని ఎత్తుకుపోతోంది. ఒక్కసారీ కంటపడలేదు."

"టర్కీ పెట్ట ఇరవై ఏడేళ్ళు బతుకుతుందా మామయ్యా?"

"దాని కూతురో, మనవరాలో. వంశం వంశమంతా నామీద కక్ష కట్టింది."

ట్రెస్సా నవ్వు మింగేసింది. "అత్తయ్య ఎప్పుడూ వేటకు రాలేదా?"

"కొత్తలో ఒకసారి అడిగింది. వద్దన్నాను. మళ్ళీ నోరెత్తలేదు. వేట రోజులొస్తే ఆమెకు బొంతల పిచ్చి. మనం గుమ్మం దాటీ దాటకముందే చర్చిలో కుట్టుకు పోతుంది. ఇన్నేళ్ళలో ఒక్క బొంత పూర్తయితే ఒట్టు."

పదకొండున్నరకు ఆయన డబ్బా సంచిలో పెట్టేశాడు. "అడవిలో పుంజు పిలవాలి, పెట్ట పోవాలి. మనం పుంజునే రమ్మంటున్నాం. అసలే అడ్డం తిరిగిన పని. దానికి తోడు ఆ ముసలిది. పద, రొట్టెలు చల్లారిపోతాయి."

"ఒంటిగంట కాలేదుగా."

"నీ మొండితనం క్లేట్‌కు తెలిసే చేసుకున్నాడా?"

"అది చూసే చేసుకున్నాడు."

ఆమె ఒడిలోని గుండ్రటి పలక మీద పుల్లతో గీసి పెట్ట కూత పలికించింది. మెత్తగా, బతిమాలుతున్నట్టు. పుంజు సగం మనసుతో పలికింది. బండవైపు పెట్ట వెంటనే అందుకుంది. పుంజు మళ్ళీ అటే.

ట్రెస్సాకు ఒళ్ళు మండింది. ఈసారి పెట్ట మూడుసార్లు అరిస్తే తను నాలుగుసార్లు గీసింది. అది గొంతు పెంచితే తనూ పెంచింది. అది ఏమంటే అదే, వెక్కిరిస్తూ.

"పుంజుతో మాట్లాడమంటే పెట్టతో తగువేంటి?" అన్నాడు ఓర్వల్.

"పుంజును తీసుకుపోతున్నది అదేగా. దానితోనే తేల్చుకుంటాను."

"ఆడబుద్ధి."

"అవును మామయ్యా."

తగువు ముదిరింది. పెట్ట అరుస్తూ దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికి. బండ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాని గొంతు వెంబడి వాగు ఒడ్డునే పుంజూ వచ్చేసింది. విసనకర్రలా విప్పిన తోక, ఎర్రటి మెడ, ఛాతీ మీంచి గడ్డంలా వేలాడే కుచ్చు. ముప్పై అడుగుల దూరం కూడా లేదు.

ట్రెస్సా చేతుల్లో పలక ఉంది. తుపాకీ మోకాలి మీద ఉంది. పుంజు సూటిగా ఆమెనే చూస్తోంది. వేలు కదిపితే అయిపోయినట్టే. ముక్కు మీద దోమ వాలింది. వాలనిచ్చింది.

సరిగ్గా అప్పుడు బండ వెనకనుంచి పెట్ట ఒక్కసారి, మెల్లిగా, క్లక్ మంది. పుంజు గిర్రున తిరిగింది. విప్పిన తోక దాని కళ్ళకే అడ్డం వచ్చింది. ట్రెస్సా తుపాకీ ఎత్తింది. అది తల ఇటు తిప్పేసరికి ఆమె సిద్ధంగా ఉంది. వాగు వైపు ఒకే ఒక్క దెబ్బ.

ఓర్వల్ పుంజు ఛాతీ మీది గడ్డం కొలిచాడు. పదకొండు అంగుళాలు. తర్వాత బండ వెనక్కి వెళ్ళి వెతికాడు. ఒక్క ఈక కూడా దొరకలేదు.

"నోరు మూసుకుని కూర్చున్నావు," అన్నాడు చివరికి, పంటి నొప్పితో అన్నట్టు. "చోటు నీదే."

ఇంటికి వచ్చేసరికి నెడ్రా మొక్కజొన్న రొట్టెలు వేడి చేస్తోంది. పుంజును చూసి తలూపింది.

"ఇదిగో, ఈ పిల్ల నీ పేరు చెడగొట్టింది," అన్నాడు ఓర్వల్ కుర్చీలో కూలబడుతూ. "ఆడవాళ్ళు మాటంటే పడి ఉంటారని నిన్ను చూసే కదా అనుకున్నాను. ఇంతకీ బొంత ఎంతదాకా వచ్చింది?"

"ఇవాళ్టితో అయిపోయింది," అంది నెడ్రా.

ఆమె అందరికన్నా ముందు ట్రెస్సాకు పళ్ళెం అందించింది.

అత్తగారి వేలి ఉంగరం చుట్టూ కూడా నల్ల టేపు ఉంది.