ముందు పి.కె., వెనక పి.కె.

గేటు బయట వానలో తడుస్తూ ఒకతను అక్కని పిలిచినట్టు "చేచీ" అని పిలుస్తున్నాడు.

"పి.కె. సుధాకరన్ గారిల్లు ఇదేనా చేచీ?"

బిందు వరండాలోంచే అడిగింది. "ఇదే. ఎవరు నువ్వు?"

"ఆయనకి కిడ్నీ దొరికింది. వెంటనే బయల్దేరాలి."

బిందు మొహం గంటు పెట్టుకుంది. భర్తకి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి బ్రోకర్లు ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

"మళ్ళీ తయారయ్యారా! ఒకరి ఏడుపు మీద బతకడానికి సిగ్గులేదూ? పో, కుక్కని వదుల్తా."

అతను కదల్లేదు.

"నేను బ్రోకర్ని కాను చేచీ. నా పేరు కూడా సుధాకరనే. ఆయనకి పి.కె. పేరు ముందుంది, నాకు వెనకుంది. ఆస్పత్రి వాళ్ళు ఆయన మెయిల్ నాకు పంపేశారు. మీ నంబరేమో మారిపోయిందట. అడ్రసు అందులో ఉంటే వెతుక్కుంటూ వచ్చాను."

"నీకెందుకంత శ్రమ? ఏం కావాలి నీకు?"

"ఏమీ వద్దు. ఆస్పత్రికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఆరు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఎవరే అది? తరిమెయ్యి!" లోపల్నుంచి సుధాకరన్ అరిచాడు.

గేటు దగ్గరున్నతని నోరు మూయించడానికే బిందు ఆస్పత్రికి ఫోన్ చేసింది. మాట నిజమే. ఫోన్ పెట్టేసి ఆస్పత్రి ఫైళ్ళు తీసింది.

తర్వాత అంతా పరుగే. పక్కింటి జోసెఫ్ జీపు తీశాడు. జీపు వెళ్ళేదాకా గేటు రెక్క పట్టుకుని నిలబడింది ఆ వచ్చినతనే. బిందు అతని వంక చూడను కూడా లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది.

ఓణం పండగ వెళ్ళాక చెకప్‌కి వచ్చినప్పుడు బిందు ఆస్పత్రిలో లిస్సీ సిస్టర్‌ని కలిసింది. దాతల కిడ్నీలు ఎవరికి ఇవ్వాలో చూసేది ఆవిడే.

"మా మెయిల్ అడ్రసు సరిచేయండి సిస్టర్. ఇంకోసారి ఆ సుధాకరన్‌కి పోతే ఎలా? పాపం, ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఇల్లెక్కడో చెప్తే వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాం."

లిస్సీ కంప్యూటర్ వైపు తిరిగింది. ఏమీ టైపు చేయలేదు.

"ఆయన పోయారు చేచీ. మొన్న బుధవారం."

"అయ్యో! ఏమైంది?"

"కిడ్నీలే. వరుసలో మీవారి తర్వాత ఉన్నది ఆయనే. ఆరులోగా వాళ్ళు రాకపోతే ఇది మీకే, సిద్ధంగా ఉండండని ఆ రోజు పొద్దున్న ఫోన్ చేసి నేనే ఆయనకి చెప్పాను."