చలి తాగిన పెట్రోలు

“నాన్నా, నిజం చెప్పు. రోజూ ఎక్కడికి వెళ్తున్నావు?”

జావిద్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. పక్క సీట్లో యదుల్లా మఫ్లరు సర్దుకున్నాడు. వెనక సీట్లో సొల్మాజ్ చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. పాత తెల్లకారు పక్క అద్దాలన్నీ మంచు పట్టేశాయి. బయట అర్దబీల్ ఊరు ఉందో లేదో కూడా తెలియడం లేదు.

“మీ మేనత్త ఇంటికి. దారిలో రొట్టెల కొట్టుకి. ఈ వయసులో ఇంకెక్కడికి పోతానురా, పెళ్లిచూపులకా?”

“జోకులొద్దు. అత్త ఊరు వెళ్లి రావడానికి ఇరవై కిలోమీటర్లు. మీటరూ రోజుకి ఇరవయ్యే చూపిస్తోంది, నేను క్యాలెండరు మీద రాస్తూనే ఉన్నా. మరి పెట్రోలు రేషను కార్డులో నెలంతా రావాల్సిన అరవై లీటర్లు ఇరవై రోజులకే ఎలా అయిపోయాయి?”

“చలిరా.”

“చలి పెట్రోలు తాగుతుందా? గుండె ఆపరేషనై ఏడాది కాలేదు. అత్త ఊరు దాటనని డాక్టరు ముందు ఒట్టేశావు. నీకు తోడని సొల్మాజ్‌ని పంపేదీ అందుకే.” అద్దంలోంచి భార్య వైపు చూశాడు. “నువ్వు చెప్పు. బండి ఇంకెక్కడికైనా తీసుకెళ్తున్నాడా?”

“లేదండీ. మామయ్య మీ అత్త ఊరు దాటి ఎప్పుడూ వెళ్లలేదు.”

ఆ మాట నిజమే. అయినా ఆమె అద్దంలోంచి చూపు తప్పించింది.

“సరే. మెకానిక్ ఉస్తాద్ హాబిల్ చూస్తాడు. బండిలో లోపం ఉంటే రేపే అమ్మేస్తా. లేకపోతే నాన్న అబద్ధం చెబుతున్నట్టే. అప్పుడూ అమ్మేస్తా.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సొల్మాజ్ కళ్లు మూసుకుంది. పొద్దున ఫ్యాక్టరీ బస్సెక్కిన మొగుడు చీకటి పడ్డాకే ఇంటికొస్తాడు. కిటికీ సగానికి మంచు. ఐదు నెలల చలికాలంలో ఆమెకి మనుషుల మొహాలు కనిపించేది ఈ కారు ఎక్కినప్పుడే. అత్త ఊళ్లో ఆరోగ్య కేంద్రం ఉంది. నిరుడు అక్కడ నర్సు పని ఇస్తామన్నారు. ఆ దారిలో బస్సు లేదు. “నేనే నడుపుకుంటూ వెళ్లొస్తా” అంటే జావిద్ పడీపడీ నవ్వాడు. “ఆ మంచులో మొగాళ్లే గోతుల్లో పడుతున్నారు, నువ్వా!” అన్నాడు. ఆ ఊసు ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

హాబిల్ షెడ్డు లోపల పొయ్యి మండుతోంది. లావుపాటి మనిషి. టీ గ్లాసు పక్కన పెట్టి, ఫిర్యాదంతా విని, బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత బండి కిందకి దూరాడు. చాలాసేపటిదాకా బయటికి రాలేదు. యదుల్లా చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

హాబిల్ పైకి లేచి చేతులు తుడుచుకుంటూ ముసలాయన మొహంలోకి ఒక్కసారి చూశాడు.

“ఇంజను రాయిలా ఉంది. ఏ లోపమూ లేదు.”

జావిద్ తండ్రి వైపు తిరిగాడు. “విన్నావా?”

“ఆగవయ్యా, నేనింకా పూర్తి చెయ్యలేదు. పొద్దున్నే దుప్పటి లాగి నిన్ను పరిగెత్తమంటే పరిగెడతావా? బండీ అంతే. ఈ చలికి ఇంజనాయిలు గడ్డతేనె అయిపోతుంది, దాన్ని కదపడానికే సగం బలం పోతుంది. చోక్ లాగితే గాని అంటుకోదు, చోక్ లాగితే పెట్రోలు ధారే. టైర్లలో గాలి తగ్గిపోతుంది. ఇంజను వేడెక్కేసరికి మీ అత్త గుమ్మం వచ్చేస్తుంది. ఆపేస్తారు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మొదటినుంచి.”

“అయితే ఎంత ఎక్కువ తాగుతుంది?”

“ఎండాకాలంలో వంద కిలోమీటర్లకి పది లీటర్లు తాగేది ఇప్పుడు పన్నెండు తాగుతుంది. మహా అయితే పదమూడు.”

“నా లెక్కలో పదిహేను తాగింది.”

పొయ్యిలో మంట చిటపటలాడింది. హాబిల్ టీ గ్లాసు కోసం వెతుక్కున్నాడు. సొల్మాజ్ నోరు తెరవబోయింది. యదుల్లా కర్రతో నేల మీద మెల్లగా తట్టాడు.

“ఆ మిగతాది నేనే తగలేశానురా. బయల్దేరే ముందు రోజూ అరగంట ఇంజను వేసుకుని ఊరికే కూర్చుంటున్నా.”

“ఎందుకు?”

“చల్లటి సీటు మీద కూర్చుంటే గుండె దగ్గర పట్టేస్తోంది. చెబితే నువ్వు కంగారుపడి బండి అమ్మేస్తావని చెప్పలేదు.”

జావిద్ మొహం వాడిపోయింది. కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. “ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా నాన్నా,” అన్నాడు, గొంతు తగ్గించి. “నేను నిన్ను దొంగలా నిలదీశాను.”

“బిడ్డవి. అడుగుతావు.”

“గంట కూర్చో. పెట్రోలు చాలకపోతే నేను కొనిపెడతా.” తాళంచెవి తండ్రి చేతిలో పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. “ఇకనుంచి మీటరు నేను చూడను. క్యాలెండరు మీద నువ్వే రాస్తూ ఉండు.”

“అలాగేనండీ,” అంది సొల్మాజ్, తల వంచుకుని.

డ్రైవింగులో మామయ్య ఆమెకి నేర్పిన మొదటి పాఠం, తిరిగిన దూరం లెక్కకెక్కకుండా ఆ మీటరు కేబుల్ విప్పడం.