పసుపు చీటీ

"అద్దెకున్నవాళ్లకూ ఓటివ్వాలి. పోటీ చేసే హక్కూ ఇవ్వాలి," అన్నాడు అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు.

మీటింగులో ఓనర్లంతా ఉలిక్కిపడ్డారు. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది కోశాధికారి. ఆయన అధ్యక్షుడికి స్వయానా బావమరిది. బావ కుర్చీ పోతే తన పదవీ గోవిందా.

ఉలిక్కిపడరూ మరి? లిఫ్టు పక్కన 'ఓనర్లకు మాత్రమే' అని బోర్డు కొట్టించిన మహానుభావుడు ఈయనే. ఆ బోర్డు పుణ్యమా అని అద్దెవాళ్లు గ్యాస్ బండలు మోసుకుంటూ మెట్లే ఎక్కుతున్నారు. ఏడాదిగా అధ్యక్షుడూ మెట్లే ఎక్కుతున్నాడనుకోండి. అడిగితే, షుగర్‌కి మంచిదంటాడు.

"ఇవాళుండి రేపు పోయేవాళ్లకి ఓటా?" అని పళ్ల డాక్టరు గయ్యిమన్నాడు. ఈసారి అధ్యక్షుడి మీద పోటీకి దిగింది ఆయనే.

ఎలాగో ఒప్పుకున్నారు. కాకపోతే ఓనర్లకి తెల్ల చీటీలు, అద్దెవాళ్లకి పసుపు చీటీలు. ఓటిచ్చినంత మాత్రాన రంగు కూడా ఇచ్చేస్తారా?

"ఓటిప్పించినవాణ్ణి మర్చిపోతారా బావా? పసుపు చీటీలన్నీ మనవే," అన్నాడు కోశాధికారి.

"వాళ్లు లెక్కేస్తే మెట్లే లెక్కేస్తారోయ్," అన్నాడు బావ, మోకాలు రుద్దుకుంటూ.

మర్నాడే పళ్ల డాక్టరు అద్దెవాళ్ల గడపగడపా తొక్కాడు. ఓటివ్వొద్దని అరిచిన గొంతుతోనే, గెలిస్తే లిఫ్టు బోర్డు పీకేస్తానన్నాడు. పిల్లల పుచ్చుపళ్లు కూడా ఊరికే చూసిపెట్టాడు.

ఎన్నిక రోజున టేబుల్ మీంచి ఎవరి చీటీ వాళ్లు తీసుకుని తెర వెనక్కి వెళ్లారు. లెక్కిస్తే, తెల్లవి చాలావరకు అధ్యక్షుడివే. పసుపువి మాత్రం కట్టగట్టుకుని డాక్టరు ఒళ్లో పడ్డాయి.

ఒక్కటి తప్ప.

మునిగిపోతున్న కోశాధికారికి ఆ ఒక్కటే గడ్డిపోచలా కనిపించింది. దాన్ని పట్టుకుని సాయంత్రం బావ ఇంటికెళ్లాడు. బావ ముసుగుతన్ని పడుకున్నాడు. అక్క కాఫీ ఇచ్చింది, ఓడినవాడని ఓ చెంచా చక్కెర ఎక్కువేసి.

"ఆ ఒక్క విశ్వాసపరుడూ ఎవరో తెలిస్తే, కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటానక్కా. వాడితోనే మన పార్టీ మళ్లీ మొదలెడదాం. ఎవరంటావు?"

అక్క పడగ్గది తలుపు దగ్గరగా వేసొచ్చి, గొంతు తగ్గించింది.

"మీ బావేరా, ఈ ఇల్లు అమ్మేసి ఏడాదైంది, మేమూ ఇందులో అద్దెకే ఉంటున్నాం."